ఎంగేజ్ ముఠా

"గోదావరిఖనిల బొగ్గు భూమి కింద ఉంటది, నేరం భూమి మీద ఉంటది. కింది సంగతి కంపెనోళ్లు చూసుకుంటరు. మీది సంగతి నేను చూసుకుంట," అని ప్రకటించాడు ఎల్లేశం.

ప్రకటించింది టీ కొట్టు దగ్గర. విన్నది నేనొక్కణ్ణే. మేమిద్దరం గని మీద ల్యాంపు రూంలో పనిచేస్తాం. దిగేవాళ్లకు టోపీ దీపాలిస్తాం, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకుంటాం. అక్కడ పోయిన దీపాల్లో ఎల్లేశం కనిపెట్టింది ఒక్కటీ లేదు. అయినా తాను డిటెక్టివునంటాడు. నేను అతని సహాయకుణ్ణట. నన్నెవరూ అడగలేదు.

"కేసు దొరికింది ముత్యం," అన్నాడు.

కేసు మా గల్లీ లింగవ్వది. ఆమె బిడ్డ రాజకుమారికి ఈమధ్య కాన్పులో రక్తం బాగా పోయింది. మా ఊళ్లో రక్తదాతల సంఘానికి ఒక ఫోన్ నంబరుంది. దానికి ఫోన్ చేసి కావలసిన గ్రూపు నొక్కితే, కంప్యూటరే ఆ గ్రూపువాళ్లందరికీ ఫోన్లు కొడుతుంది. లింగవ్వ పొద్దంతా కొట్టినా ఎంగేజే. చివరికి అల్లుడు ఆటోలో గల్లీగల్లీ తిరిగి రక్తమిచ్చేవాళ్లను పట్టుకొచ్చాడు. రాజకుమారి బతికింది గానీ, లింగవ్వ ఇంకా ఆ నంబరు కొట్టి చూస్తూనే ఉంది.

"ఎవడో లైను కబ్జా పెట్టిండు," అన్నాడు ఎల్లేశం. "రక్తపిపాసుల ముఠా. నా ముక్కుకు వాసన తెలుస్తున్నది."

అది పక్క కొట్టులో మాడుతున్న మిర్చి వాసన.

ఆ కంప్యూటరు చౌరస్తాలో షిరీన్ ఫోన్ల దుకాణం వెనక గదిలో ఉంటుంది. షిరీన్, ఆమె స్నేహితురాలు సంతోషి కలిసి దాన్ని నడుపుతారు. మధ్యాహ్నం ఎల్లేశం ఆ గది తెర వెనక దూరి, నన్నూ లాక్కున్నాడు. తెర మోకాళ్ల దాకే ఉంది.

లోపల ఇద్దరూ అన్నం తింటున్నారు.

"మనిషి ఫోన్ పెట్టేసి పోతున్నడు. ఛానల్ మాత్రం చస్తలేదు," అంది సంతోషి.

"ఎట్లనన్న చంపాలె. అది చావకుంటే ఇంకొకలకు లైను దొరకది," అంది షిరీన్. "జర్మనీ ఆయనకు రాసిన, బ్రెజిల్ ఆమెకు రాసిన. వాళ్లకాడ జల్దినే చస్తున్నదట."

ఎల్లేశం నా చెయ్యి పట్టుకున్నాడు. "విన్నవా? ఛానల్‌ను చంపుతరట! ఏ వార్తల ఛానలో, పాపం!"

"కాకా, కాళ్లు గుంజుతయి. వచ్చి కూసోండ్రి," అంది షిరీన్.

ఎల్లేశం చొక్కా సర్దుకుని బయటికొచ్చాడు. "చేతులెత్తుండ్రి!"

సంతోషి అన్నం ముద్ద పట్టుకున్న చెయ్యెత్తింది, నోటి దాకా.

"ఈ ఫోన్లు కొట్టే ప్రోగ్రాం ఎవలిచ్చిన్రు మీకు?"

"ఎవలన్న తీసుకోవచ్చు కాకా, ఉచితం. దేశదేశాలోళ్లు ఎవలింట్ల వాళ్లు కూసొని రాస్తరు, తప్పులు దిద్దుతరు. మేం గూడ జర రాస్తం."

"జీతం?"

"లేదు."

"జీతం లేకుంటే ఎందుకు రాస్తరు?"

"నువ్వెందుకు డిటెక్టివ్ పని చేస్తున్నవు కాకా?"

ఎల్లేశం నావైపు చూశాడు. నేను కంప్యూటరు వైపు చూశాను.

షిరీన్ ఓపిగ్గా చెప్పింది. అవతలి మనిషి ఫోన్ పెట్టేస్తే ఎంగేజ్ మోత వస్తుంది. అది విని ప్రోగ్రాం లైను వదిలెయ్యాలి; ఛానల్ చావడమంటే అదే. ఇక్కడ వదలడం లేదు. ఒకరు మాట్లాడి పెట్టేశాక కూడా లైను పట్టుకునే కూర్చుంటోంది. "ప్రోగ్రాంకు తెలిసిన మోత ఇది," అని స్పీకరు పెట్టింది. టిక్‌టిక్‌టిక్‌మని గబగబా మోగింది.

"అబద్ధం!" గర్జించాడు ఎల్లేశం. "లింగవ్వ ఇంట్ల నేను ఫోన్ చెవుకు పెట్టుకొని విన్న. ముఠా సైగ గిది గానే గాదు. గిట్లుంటది." మెడ చాచి, కళ్లు మూసి, "కూ...య్. కూ...య్. కూ...య్," అని తాపీగా కూశాడు. దుకాణం మెట్లెక్కుతున్న ఒకాయన మళ్లీ దిగిపోయాడు. "అంటే ముఠాలు రెండు. ఒకటి దేశంది, ఒకటి విదేశంది!"

సంతోషి ముద్ద కంచంలో పడింది. "షిరీన్! మన మోత నిదానం. ప్రోగ్రాం బయటిదేశాల మోత కోసం చూస్తున్నది!"

"కాకా, ఇంకోసారి కుయ్యి," అంది షిరీన్.

ఎల్లేశం కూశాడు. ఆమె కంప్యూటర్లో మోత నిడివికి సంబంధించిన ఏవో అంకెలు మార్చింది. తన సెల్లు నుంచి ఆ నంబరుకు చేసి పెట్టేసింది. లైను వదిలింది. మళ్లీ చేసింది, మోగింది. షిరీన్ కుర్చీలో కూలబడి దుపట్టాతో కళ్లొత్తుకుంది. "రాజకుమారక్కకు ఏమన్న అయ్యుంటే..." అంది.

"నేరం ఒప్పుకున్నది. వదిలేద్దాం, చిన్న పిల్ల," అన్నాడు ఎల్లేశం నాతో.

ఆ అంకెల్ని షిరీన్ అందరికీ పంపింది. మన దేశంలో ఇదే తిప్పలు పడుతున్న ఎవరెవరో మెచ్చుకుంటూ జవాబులు రాశారట. ఆ రోజు మేం బయల్దేరుతుంటే ఎల్లేశం పేరూ రక్తం గ్రూపూ దాతల్లో రాసుకుంది. అది తనకు జరిగిన సన్మానమనుకున్నాడతను.

కొద్దిరోజులకు గనిలో బొగ్గు మోసే టబ్బు బండి కింద మొగిలి అనే కార్మికుడి కాలు నలిగి, రక్తం బాగా పోయింది. మధ్యాహ్నానికి ఎల్లేశం ఉరుక్కుంటూ మా ఇంటికొచ్చాడు.

"బెదిరింపు ఫోను ముత్యం! ఆడగొంతు. నా రక్తం కావాలన్నది! ముఠాకు నా గ్రూపు గూడ తెలుసు!"

"అది కంప్యూటర్ల పెట్టిన షిరీన్ గొంతురా. మొగిలికి రక్తం కావాలె. నడువు, దవాఖానకు పోదాం."

అక్కడ మంచం మీద పడుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. సూది తెచ్చిన నర్సును, "నిజం చెప్పు చెల్లె. నిన్నెవలు పంపిన్రు?" అని అడిగాడు.

"మొగిలి భార్య," అంది నర్సు. "తలుపు బయట నిలవడ్డది."

ఎల్లేశం కళ్లు తెరిచి తలుపు వైపు చూశాడు. చెయ్యి చాపాడు.