కోరానికి కుడికాలు

విద్యార్థులు లేకుండా కళాశాలను దివ్యంగా నడపవచ్చని మా పాలకమండలి ఏళ్ల తరబడి నిరూపిస్తూనే వచ్చింది. చట్టమే ఒప్పుకోలేదు. ప్రతి సంఘంలో ఒక విద్యార్థి సభ్యుడు ఉండి తీరాలనీ, ఆ సభ్యుడు లేనిదే కోరం లేదనీ, కోరం లేని తీర్మానం చెల్లదనీ కొత్త నిబంధన వచ్చిపడింది. (కూర్చోవాలనే ఉంది. మాట్లాడాలని ఎక్కడా లేదు.)

ఆ పదవికి రెండో సంవత్సరం కెమిస్ట్రీ అమ్మాయి పోటీ లేకుండా ఎన్నికైంది. ప్రతి పాఠం చివరా చెయ్యెత్తే అలవాటు వల్ల అందరూ ఆమెను డౌటమ్మ అనేవారు. ఆమె కోరిక ఒక్కటే. ఐదింటికి క్లాసులు వదులుతారు, ఐదింటికే లైబ్రరీ మూస్తారు. దాన్ని ఎనిమిది దాకా తెరిపించాలి.

సంఘాలు పద్నాలుగు. కుర్చీల సంఘం ఒకటి, కుర్చీల సంఘం ఎక్కడ కూర్చోవాలో తేల్చే సంఘం మరొకటి. అన్నీ సరిగ్గా క్లాసుల వేళకే కూడేవి. లైబ్రరీ సంగతి జాబితాలో చిట్టచివర ఉండేది. అక్కడికి వచ్చేసరికి టీ వచ్చేది.

"మంచి పాయింటమ్మా. రాయించేశాం," అనేవారు ప్రిన్సిపాల్ గారు. (రాసింది: 'విద్యార్థి సభ్యురాలు హర్షం వెలిబుచ్చినది.')

టర్మ్ చివర చూస్తే డౌటమ్మ క్లాసు హాజరు నలభై ఒక్క శాతం. పరీక్షకు డెబ్బై ఐదు కావాలి.

"రోజూ కాలేజీకే వెళ్లావు కదే!" అంది ఫోన్లో వాళ్లమ్మ.

"కాలేజీలోనే ఉన్నానమ్మా. క్లాసులో లేనంతే."

హాజరు తగ్గినవాళ్లను మన్నించాలా వద్దా అని తేల్చడానికీ ఒక సంఘం ఉంది. అందులో విద్యార్థి సభ్యురాలు ఎవరో చెప్పనక్కర్లేదు. ఆ రోజు జాబితా ఖరారు కాకపోతే కళాశాలలో ఒక్కరికీ హాల్ టికెట్ రాదు. వరండా నిండా పిల్లలు నిలబడ్డారు.

"తన కేసులో తనే కూర్చోకూడదు. బయటికెళ్లమ్మా," అన్నారు సూపరింటెండెంట్ గారు.

వెళ్లింది.

"సార్, ఇప్పుడు కోరం లేదు," అన్నారు మళ్లీ సూపరింటెండెంట్ గారే.

"లోపలికి రామ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

వచ్చింది.

"సార్, ఇప్పుడు రూలు ఒప్పుకోదు."

ఇలా నాలుగుసార్లు జరిగాక, గంభీరమైన చర్చ అనంతరం, గడపకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడాలని తీర్మానించారు. లోపలి కుడికాలు కోరానికి, బయటి ఎడమకాలు న్యాయానికి.

డౌటమ్మ నిలబడింది. ఐదుగురు పెద్దలు ఊపిరి బిగబట్టి తన చెప్పు వంకే చూడటం గమనించింది. పద్నాలుగు సంఘాల్లో నోటివల్ల కాని పని కాలివల్ల అవుతుందేమోనని అప్పుడు తట్టింది. మెల్లగా కుడికాలు బయటికి తీసింది.

"ఏమైందమ్మా?"

"కాలు నొప్పి సార్."

"ఎంతసేపుంటుంది?"

"లైబ్రరీ కాగితం మీద సంతకం అయ్యేదాకా ఉండేట్టుంది సార్."

వరండాలో ఒక్కసారిగా నవ్వులు. "పెట్టకే డౌటమ్మా, కాలు పెట్టకే!" అని కేకలు. అరిచినవాళ్లలో హాల్ టికెట్ కోసం వచ్చినవాళ్లే ఎక్కువ. ప్రిన్సిపాల్ గారు గడియారం చూశారు, కాలు చూశారు, చివరికి కలం తీశారు. సంతకమైన కాగితం చేతులు మారుతూ లైబ్రరీకి పరుగెత్తింది. నొప్పి తగ్గింది. కాలు లోపలికొచ్చింది.

వెంటనే ఐదుగురూ ఏకగ్రీవంగా ఆమె కేసు తేల్చారు: 'సమావేశాలకు నూటికి నూరు శాతం హాజరైనందుకు అభినందిస్తూ, హాజరు తక్కువైనందున పరీక్షకు అనుమతి నిరాకరించడమైనది.'

డౌటమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. స్నేహితురాళ్లు నీళ్లు తాగించారు. ఆ సాయంత్రం ఏడున్నరకు లైబ్రరీలో కుర్చీ దొరక్క పిల్లలు కిటికీ అరుగుల మీద కూర్చుని చదివారు. ఆమె ఆ టర్మ్ మళ్లీ చదువుతోంది. క్లాసు మానడం లేదు.

పాలకమండలి కూడా పాఠం నేర్చుకుంది. విద్యార్థి సభ్యత్వం వల్ల చదువు పాడవుతున్నందున, ఇకపై ఆ పదవిని చదువుతో పనిలేని వారికే ఇవ్వాలని నిబంధన సవరించింది. ప్రస్తుతం విద్యార్థుల ప్రతినిధి ప్రిన్సిపాల్ గారి బావమరిది. రిటైరై ఆరేళ్లయింది, ఇప్పటిదాకా ఒక్క సమావేశం కూడా మానలేదు.