పదకొండు సెకన్ల కన్నా ఎక్కువ

డోలుకు తోలు బిగించాలి. జట్టు రంగులైన ఎరుపూ నలుపూ గుడ్డలు ఇస్త్రీ చేయాలి. నుహు దుకాణం నుంచి బ్యానర్ తెచ్చుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, బొవాచి కన్నా ముందు మైదానం చేరాలి. ఆ శనివారం పొద్దున క్వాకు అడ్డాయ్ చేయవలసిన పనులు ఇవి.

మాంపాంగ్ కందిరీగల ఫుట్‌బాల్ జట్టు మర్నాడు కుమాసీ నగరంలో ఫైనల్ ఆడబోతోంది. ఆటగాళ్లను సాగనంపడానికి ఊరి మైదానంలో ర్యాలీ, టీవీలో ప్రత్యక్ష ప్రసారం. అడ్డాయ్ పదేళ్ల వయసు నుంచీ, అంటే నలభై రెండేళ్లుగా, ఆ జట్టుకు డోలు కొడుతున్నాడు. ఒక్కసారీ టీవీలో కనపడలేదు. ఆటల్లో జట్టు కోసం అరిచే యావ్ బొవాచికి డోలూ లేదు, తాళమూ రాదు, ఉన్నదల్లా గొంతు. అలాంటివాడు నిరుడు సెమీఫైనల్‌లో కాల్చిన అరటికాయ నములుతూ కెమెరాకు చిక్కాడు. పదకొండు సెకన్లు. ఆ ఆటను మళ్లీ చూపించినప్పుడు అడ్డాయ్ గడియారం దగ్గర పెట్టుకుని మరీ లెక్కపెట్టాడు. అప్పటి నుంచి ఊరికి అతను 'టీవీ బొవాచి'. అరటికాయలు కాల్చే ఆవిడ అతనికి ఒక ముక్క ఎక్కువ వేస్తుంది. ఆ ముక్క బొవాచి తింటుంటే అడ్డాయ్ గొంతులో అడ్డం పడేది.

అందుకే పోయిన వారం నుహు దగ్గరికి వెళ్లాడు. నుహు అచ్చువేసేవి చాలావరకు చావు బ్యానర్లే.

"బొవాచి మామ పోయినప్పుడు కట్టారే, అట్లాంటిదే నాకూ కావాలి. దానికన్నా రెండడుగులు పెద్దదిగా," అన్నాడు అడ్డాయ్.

"అట్లాంటిదేనా?"

"అచ్చం అదే. నా ఫోటో పెద్దగా వెయ్యి. కింద 1974 నుంచి 2016 అని రాయి. జనానికి తెలియాలి కదా."

బతికుండగానే తమ బ్యానర్ తామే చెప్పి చేయించుకునే జాగ్రత్తపరులు నుహుకు కొత్త కాదు. ఈ ఏడాది దాటనని ఇంత ధీమాగా చెప్పినవాణ్ణి మాత్రం ఇప్పుడే చూశాడు. నొచ్చుకుంటాడని ఏమీ అడగలేదు.

శనివారం అడ్డాయ్ ఆ బ్యానర్‌ను చుట్టింది చుట్టినట్టే భుజాన వేసుకుని మైదానానికి పరుగెత్తాడు. ఒక కొయ్యను గోల్‌పోస్టుకు కట్టి, వెనకవైపు నుంచి గుడ్డ విప్పుకుంటూ వెళ్లి, రెండో కొయ్య తానే పట్టుకుని నిలబడ్డాడు. బొమ్మ కెమెరా వైపు, తాను బొమ్మ వెనక. బొవాచి కన్నా పెద్దగా కనపడాలన్న ఆత్రంలో, ఆ బ్యానర్ తనను నిలువునా కప్పేసిందన్న సంగతి తట్టలేదు.

అవతల పాటలు ఆగిపోయాయి. బ్యానర్ అంచులోంచి కనపడినవాళ్లు టోపీలు తీశారు. నాలుగు దశాబ్దాలకు నాకు దక్కిన మర్యాద ఇది అనుకున్నాడు అడ్డాయ్. ఎవరో ముసలమ్మ శోకం అందుకుంది. అభిమానం మరీ ఎక్కువైందనుకున్నాడు. ఇంతలో మైకులో బొవాచి గొంతు వినిపించింది.

"నలభై రెండేళ్లు వాయించాడు. నేను వట్టి అరుపులవాణ్ణి. నిరుడు నన్ను చూపించిన ఆ పదకొండు సెకన్లు అతనికి దక్కాల్సినవి."

వీడికి ఇవాళ ఈ మంచిబుద్ధి ఎలా పుట్టిందా అని అడ్డాయ్ ఆశ్చర్యపోయాడు. టీవీ అమ్మాయి ఒక నిమిషం మౌనం పాటిద్దామంది. అతనూ టోపీ తీసి, బ్యానర్ అంచున కళ్లు మూసుకుని నిలబడ్డ ఆవిడను మెల్లిగా అడిగాడు.

"ఎవరు పోయారమ్మా?"

"అడ్డాయ్," అంది ఆవిడ కళ్లు తెరవకుండా. "డోలాయన. మంచివాడే పాపం. కాస్త కుళ్లుబోతు."

అడ్డాయ్ కాలు బయటికి పడబోయింది. ఒక్క అడుగు వేసి "ఇదిగో నేను" అంటే చాలు. కానీ అంచులోంచి తొంగిచూస్తే కెమెరా బ్యానర్ మీది తన మొహం వైపే నిలిచి ఉంది. పది సెకన్లు. పదకొండు. పన్నెండు. కాలు వెనక్కి తీసుకుని, కొయ్యను కాస్త పైకెత్తి, పోయినవాడికి తగినట్టు మౌనంగా నిలబడ్డాడు. అరవై సెకన్లూ పూర్తయ్యాక బ్యానర్ చుట్టుకుని, దొంగలా సందుల వెంట ఇంటికి చేరాడు.

వాకిట్లో అప్పటికే షామియానా లేచింది, కుర్చీలు దిగాయి. పొద్దున తన చేతి మొక్కజొన్న కెంకే ముద్ద తిని వెళ్లినవాడి కోసం ఊరు ఊరంతా వచ్చి ఏడుస్తుంటే భార్య అఫియా నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

"వచ్చావా? అందరూ నీకోసమే వచ్చారు. మొహం కడుక్కుని రా," అంది.

జనం కేకలు పెట్టి, తడిమి చూసి, తిట్టి, చివరికి నవ్వారు. బొవాచి ఒక్కడే నవ్వలేదు. అడ్డాయ్ జబ్బ పట్టుకుని షామియానా చాటుకు లాక్కెళ్లాడు. అతని మొహంలో ఉన్నదేమిటో అడ్డాయ్ చూడగానే గుర్తుపట్టాడు. ఏడాదిగా తన అద్దంలో రోజూ చూస్తున్నదే.

"నిమిషం," అన్నాడు బొవాచి. "నిండా నిమిషం చూపించారు నిన్ను. ఆ నుహు ఆదివారం దుకాణం తీస్తాడా?"

మీరెప్పుడైనా మాంపాంగ్ వైపు వెళ్తే, డోలు కొట్టే క్వాకు అడ్డాయ్‌ను ఒక్కసారి తలుచుకోండి. తలుచుకున్నాక ఇంటికి వెళ్లి పలకరించండి, ఉంటాడు.