గుర్రాల్లేని గుర్రాల కేంద్రం

గురువారం పొద్దున శివరామయ్య పచ్చజొన్న మోపు ఒకటి బండి వెనక కట్టుకుని బయల్దేరాడు. రొంపిచెర్ల రోడ్డు పక్కనున్న తన పత్తి గోడౌన్‌ను 'గుర్రాల వైరస్ వ్యాధుల పరిశోధనా కేంద్రం' వాళ్ళకు అద్దెకిచ్చి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో ఒక్క సకిలింపు వినపడలేదు. లద్ది కనపడలేదు. అడిగితే, బయటివాళ్ళు లోపలికి రాకూడదంటారు. మేత తెచ్చినవాణ్ణి ఎవరూ పొమ్మనరు కాబట్టి, ఈ రోజు గుర్రాన్ని చూసే తిరిగి రావాలని ఆయన ఆలోచన.

సరిగ్గా ఆయన గోడౌన్ చేరేసరికి కరెంటు పోయింది. లోపల ఏసీ ఆగిపోవడంతో సహాయకుడు జయకృష్ణ వెనక తలుపు తీసి జనరేటర్ దగ్గరికి పరిగెత్తాడు. శివరామయ్య మోపు ఎత్తుకునే ఆ తలుపులో నిలబడి చూశాడు. లోపల అద్దాల గది. గదిలో వరసగా పంజరాలు. పంజరాల్లో తెల్ల ఎలుకలు.

పరిశోధకురాలు హాసిని ఎదురొచ్చింది.

"గుర్రాలేయమ్మాయ్?"

"ఇక్కడ గుర్రాలుండవు బాబాయ్ గారూ. గుర్రాలకొచ్చే దగ్గు వైరస్‌ని ఎలుకలకిచ్చి, జబ్బు ఎట్లా ముదురుతుందో, ఏ మందుకి లొంగుతుందో చూస్తాం."

"గుర్రం రోగం ఎలక్కెందుకమ్మా? దాని రోగాలు దానికి చాలవా?"

"గుర్రానికి బదులు ఎలుకన్నమాట," అంది హాసిని ఓపిగ్గా.

పాతికేళ్ళుగా పొలంలో ఎలుకలకు మందు పెట్టి విసిగిపోయిన రైతాయన. ఆయన గోడౌన్‌లోనే ఎలుకలకు ఏసీ! నేరుగా యల్లమంద టీకొట్టుకు వెళ్ళి చెప్పాడు. యల్లమంద టీ పోయడం ఆపి మరీ విన్నాడు.

"ఊరికే ఎవుడు మేపుతాడు మావా? మన పొలాల మీదికి వదలటానికే."

"ఎందుకొదుల్తార్రా?"

"ఎలకల మందు అమ్ముకోటానికి."

ఇది పది గంటల మాట. పదకొండుకు, గుర్రం రక్తం ఎక్కించి ఎలుకలకు బలం పెంచుతున్నారని తేలింది. పన్నెండున్నరకు ఒక్కో ఎలుక దూడంత ఉందనీ, శివరామయ్య కళ్ళారా చూశాడనీ చెప్పుకున్నారు. ఆయన కాదనబోయాడు. కానీ అందరూ తననే సాక్షిగా చూపిస్తుంటే, తనే సరిగ్గా చూడలేదేమోనని ఆయనకు అనుమానం పట్టుకుంది.

మూడింటికి గేటు ముందు నలభై మంది చేరారు. చేతుల్లో కర్రలున్నాయి. వాళ్ళు ఆ గదిలోకి దూరితే మూడు నెలల పని నేలపాలవుతుంది. హాసిని చెప్పిందే చెప్పి, అలిసిపోయి, పై అధికారికి ఫోన్ చేయడానికి లోపలికి వెళ్ళింది. ఒక్క గుర్రం కనపడితే జనం నమ్మి వెళ్ళిపోతారని జయకృష్ణకు తోచింది. నరసరావుపేటలో పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని పంపే మైమూనాకు ఫోన్ చేశాడు. హాసినికి మాత్రం చెప్పలేదు.

నాలుగున్నరకు గుర్రాన్ని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని మైమూనా వచ్చింది. జయకృష్ణ దాన్ని వెనక సందులో దింపించి, గోడౌన్ పక్కగా గేటు దగ్గరికి నడిపించుకొచ్చాడు. తెల్లటి ఆడగుర్రం. మెడలో ఇంకా పూసల దండలున్నాయి.

"చూశారా? గుర్రం!" అన్నాడు గర్వంగా.

యల్లమంద శివరామయ్య వైపు తిరిగాడు. "మావా, పొద్దున నువ్వు చూసినప్పుడు గుర్రం ఉందా?"

"లేదు."

"మరేమున్నయ్?"

"ఎలకలు."

"ఏ రంగు?"

"తెలుపు," అంటూనే శివరామయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయనతో పాటు జనమూ వేశారు.

అప్పుడు గుర్రం దగ్గింది. ఆ దగ్గు విని బయటికి పరిగెత్తుకొచ్చిన హాసిని, కారుతున్న దాని ముక్కు చూసి, "ఎవరూ ముట్టుకోవద్దు!" అని అరిచింది. ముట్టుకునే ఉద్దేశం ఎవరికీ లేదు. నిమిషంలో గేటు ముందు కర్రలు తప్ప మనుషులు లేరు. గోడౌన్ తనది కాబట్టి శివరామయ్య ఒక్కడే మిగిలాడు.

గుర్రానికి జ్వరం నూట నాలుగు.

"ఎన్నాళ్ళ నుంచి దగ్గుతోందక్కా?" అని మైమూనాను అడిగింది హాసిని.

మైమూనా తల దించుకుంది. "నాలుగు రోజులైంది డాక్టరమ్మా. పెళ్ళిళ్ళ కాలం, చెప్తే ఎవరు పిలుస్తారు? రేపు శావల్యాపురంలో ఊరేగింపు. ఇంకో మూడు గుర్రాలొస్తన్నయ్."

"ఆ మూడింటికీ అంటుకునేది. మూడు వారాలు ఇది కదలకూడదు."

"మూడు వారాలా? దీన్ని కోసి చూస్తారా ఏంది?" మైమూనా కళ్ళెం గట్టిగా పట్టుకుంది.

"ఏ మందు పనిచేస్తుందో దీనిమీద చూడకూడదనే లోపల ఎలుకల్ని పెట్టుకున్నాం."

"అంటే నా చాందినీ బదులు అవి దగ్గుతన్నయ్యా?"

"అవునక్కా."

మైమూనా తలుపు వైపు కాసేపు చూసి, కళ్ళెం శివరామయ్య చేతికిచ్చింది. ఆయన తన ఖాళీ పశువుల కొట్టం చూపించాడు.

పరీక్షలో వైరస్ బయటపడింది. మూడు వారాల్లో జ్వరం తగ్గింది, దగ్గు పోయింది, చాందినీ మేత ఇరగతింది. మైమూనా తీసుకెళ్ళే రోజున కర్రలు పట్టుకొచ్చినవాళ్ళే సాగనంపడానికి వచ్చారు. యల్లమంద గుర్రం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తోక వైపు చాలాసేపు చూశాడు. తృప్తి పడలేదు.

"డాక్టరమ్మా, లోపల ఎలకల్ని ఒక్కసారి లెక్కపెట్టించు," అన్నాడు.

మర్యాదకని హాసిని లెక్కపెట్టించింది.

ఒకటి తగ్గింది.