డైరెక్టరు గారి ఏటవాలు రాయి

ఆకాశంలో తిరిగే రాళ్ళకు కుటుంబ ధ్రువీకరణ ఇచ్చే కార్యాలయం ఒకటి మా ఊళ్ళో మూడో అంతస్తులో ఉందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. లిఫ్టు పనిచేయదు. రాళ్ళు స్వయంగా హాజరు కానక్కర్లేదు కాబట్టి ఇంతవరకూ ఫిర్యాదులు రాలేదు.

కుటుంబమంటే ఇక్కడ అర్థం స్పష్టం. ఒకప్పుడు ఒకే పెద్ద రాయిగా ఉండి, దేనితోనో ఢీకొని ముక్కలైన వాటిని కుటుంబం అంటారు. మీకు తెలియంది కాదు. విడిపోయాక కూడా ముక్కలన్నీ ఇంచుమించు ఒకే దారిన తిరుగుతాయి. దారులు పోల్చి, ఈ రాయి పక్కన ఎవరు, ఆ పక్కవాళ్ళ పక్కన ఎవరు అంటూ గొలుసు కట్టుకుపోవాలి. ఎంత దూరం దాకా చుట్టరికం కలపొచ్చో ముందే ఒక హద్దు పెట్టుకోవాలి. పెళ్ళి పిలుపుల జాబితా రాసినవాళ్ళెవరైనా చేయగల పనే.

చిక్కంతా ఏటవాలు రాళ్ళతో. చాలామటుకు రాళ్ళు బుద్ధిగా ఒకే పళ్ళెంలో తిరుగుతున్నట్టు తిరుగుతాయి. ఇవి మాత్రం ఆ పళ్ళేన్ని అడ్డంగా దాటి పైకీ కిందికీ పోతుంటాయి. లెక్కకు తక్కువ, వెతకబోతే దూరం. పెద్దలెవరూ వీటి జోలికి పోలేదు. పెద్దలు పోని పని కాబట్టి కాంట్రాక్టు మీద చేరిన లెక్కలమ్మాయికి అప్పగించారు. ఆమె రెండేళ్ళు తల వంచుకుని కూర్చుని, ఇరవైమూడు రాళ్ళ కుటుంబాన్ని పట్టుకుంది. శుక్రవారం లోపు జాబితా మీద డైరెక్టరు గారి సంతకం పడితే ఆమె ఉద్యోగం పర్మనెంటు. పడకపోతే పై సోమవారం నుంచి ఆ కుర్చీలో ఇంకొకరు.

సోమవారం నాడు డైరెక్టరు గారు జాబితా మూడుసార్లు చదివారు. మనిషి ఏ జాబితా అయినా చదివేది ఎవరి పేరు కోసమో వేరే చెప్పాలా?

“నా రాయేదమ్మా?”

సుదీర్ఘ సేవలకు గుర్తింపుగా ఒక రాయికి వారి పేరు పెట్టారు. అదీ ఏటవాలుదే.

“అది ఏ కుటుంబంలోనూ లేదండీ. ఒంటరిది.”

“ఒంటరిదా! నలుగురూ ఏమనుకుంటారు? ఆ హద్దేదో కాస్త జరుపు.”

“జరిపితే సంబంధం లేనివన్నీ వచ్చి పడతాయండీ.”

డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. ఆయన నిలబడితే ఉపన్యాసమే. “కుటుంబమంటే కలుపుకుపోవడం! హద్దులు గీసుకుంటూ పోతే మిగిలేవి గోడలే!” హెడ్డుగుమాస్తా చప్పట్లు కొట్టాడు. అది అతని విధుల్లో ఉంది.

లెక్కలమ్మాయి పళ్ళు బిగపట్టి హద్దు జరిపింది. ఇరవైమూడు అరవైఒకటయ్యాయి. ఇంకా జరిపింది. రెండువందల పద్నాలుగు. పుట్టినప్పట్నుంచీ ఒకదాని మొహం ఒకటి చూడని రాళ్ళు అన్నదమ్ములైపోయాయి. మూడువందల నలభై దగ్గర డైరెక్టరు గారు జాబితా లోపలికొచ్చారు.

శుక్రవారం నాలుగింటికి వారు పెన్ను మూత తీశారు. తన పేరును ఆప్యాయంగా చూసుకున్నారు. కళ్ళు ఒక్క వరుస పైకి పోయాయి.

“ఇదెవరిది?”

“మీ అన్నయ్యగారి రాయండీ.”

వారి అన్నగారు ఇదే కుర్చీలో పనిచేసి రిటైరయ్యారు. తమ్ముడింటి పెళ్ళి కార్డు మీద తన పేరు చిన్న అక్షరాల్లో పడిందని పదకొండేళ్ళుగా తమ్ముడితో మాట్లాడరు. ఇళ్ళు పక్కపక్కనే. మధ్య గోడ ఏడాదికో వరుస పెరుగుతోంది.

“తీసెయ్.”

“తీస్తే మీరూ పోతారండీ. ఆయన్ని పట్టుకునే మీరు లోపలికొచ్చారు.”

“ఆయన లేకుండా నేనుండే హద్దు చూడమ్మా.”

“చూశానండీ. లేదు.”

హెడ్డుగుమాస్తా చప్పట్లకు చేతులెత్తి, సమయం కాదని దించేశాడు.

“ఆ ఇరవైమూడు రాళ్ళ కాగితం ఉందా, చింపేశావా?”

“ఉందండీ.”

“అదే తే. నా రాయి ఒంటరిది కాదమ్మా, స్వతంత్రమైనది. రాసుకో.”

సంతకం పడింది. అన్నదమ్ముల అనుబంధం వల్ల శాస్త్రం నిలబడింది, లెక్కలమ్మాయి ఉద్యోగమూ నిలబడింది.

ఆ రెండు రాళ్ళూ ఇప్పటికీ పక్కపక్కనే, హద్దుకు కాస్త ఎడంగా, ఒకే ఏటవాలున తిరుగుతున్నాయి. ఇన్ని కోట్ల ఏళ్ళలో ఒకదానికొకటి ఒక్కసారి కూడా తగల్లేదు, తగవూ పడలేదు. అవి ఒకే కుటుంబానివి కావని తేల్చడానికి లెక్కలెందుకండీ? మీరైనా చెప్పగలరు.