కైలాసం రక్త వర్గం

కైలాసం తన ఆదివారాలను మళ్ళీ తన చేతికి తెచ్చుకోవాలని పథకం వేశాడు. పథకం వేసేవరకు ఆయన ఎప్పుడూ గట్టివాడే. ఆ తర్వాతే చిక్కంతా.

తాండూరులో నాపరాళ్ళకు పాలిష్ పట్టే యూనిట్‌లో ఆయన సూపర్‌వైజర్. నలభై రెండు మందికి పనులు చెప్పి చెప్పి, ఇంట్లో కూడా అంతమంది ఉన్నట్టే గొంతు పెంచుతాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరు. భార్య పద్మారాణి, ఎనిమిదో తరగతి చదివే కూతురు సంజన. ఇద్దరూ వినరు.

పెళ్ళయిన పదహారేళ్ళకు పద్మారాణి దూరవిద్యలో డిగ్రీ మొదలుపెట్టింది. తీసుకున్నది బయాలజీ. ప్రతి ఆదివారం పొద్దున ఏడింటి బస్సుకు వికారాబాద్‌లో క్లాసులకు పోయి, సాయంత్రం ఇల్లు చేరుతుంది. ఆ రోజు వంట కైలాసానిది. ఆయన చేసిన ఉప్మా ముద్ద తీసుకుని సంజన ఒకసారి, "డాడీ, దీంతోని బండలు అతికియ్యొచ్చా?" అని నిజంగానే అడిగింది.

ఇట్లా మూడేళ్ళు గడవడం తన వల్ల కాదనుకున్నాడు కైలాసం. మొదటి సంవత్సరం పరీక్ష శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు వికారాబాద్‌లో. ఆ పొద్దునే యూనిట్‌కు సెలవు పెట్టి, భార్య పాఠ్యపుస్తకం చేతిలోకి తీసుకున్నాడు.

"పద్మా, పరీక్షకు పోయేముందు ఒకసారి మొత్తం తిరగేద్దాం. నేను అడుగుత, నువ్వు చెప్పు."

"నువ్వు అడుగుతవా?"

"ఇంటర్‌ల నాది బైపీసీ. మర్చిపోయినవా?"

"మూడుసార్లు రాసినవ్ గద, ఎట్ల మర్చిపోత?"

"మూడుసార్లు చదివినోనికి ఎక్కువ వస్తది. సరే, పందెం. ఒక్క ప్రశ్నకు నువ్వు తడబడ్డా ఈ చదువు బంద్. నువ్వే నా నోరు మూయించినవనుకో, నీ డిగ్రీ అయ్యేదాంక ఆదివారం వంట నాదే, ఎంతమందికైనా."

"ఎంతమందికైనా?"

"ఎంతమందికైనా!" అన్నాడు కైలాసం ఛాతీ విరిచి. ఆ మాట పద్మారాణి రెండుసార్లు ఎందుకు అనిపించిందో ఆయనకు తట్టలేదు. పక్కనే ఉన్న సంజన మాత్రం నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంది.

కష్టమైన ప్రశ్నలు ఏరడానికి అంతకుముందే మూడు రోజులు పట్టింది ఆయనకు. మొదటిది వదిలాడు.

"కణత్వచం అంటే ఏంది?"

"మీ యూనిట్ గేటు కాడ బీరన్న లేడా? లోపటికి రావల్సినోళ్ళను రానిస్తడు, పోవల్సిన దాన్ని పోనిస్తడు. కణానికి గట్ల కాపలా."

"మైటోకాండ్రియా?"

"మీ జనరేటర్. గది బందైతే మిషన్లన్నీ బంద్."

"ద్రవాభిసరణం?"

"మామిడికాయ ముక్కలకు ఉప్పు పడితే నీళ్ళూరుతయి. ముక్కల లోపలి నీళ్ళు పలుచగ ఉంటయి, బయట ఉప్పు చిక్కగ ఉంటది. పలుచ దిక్కుకెల్లి చిక్క దిక్కుకు నీళ్ళు పోతయి. నువ్వు పోయినేడు ముక్కలల్ల ఉప్పు రెండుసార్లు పోసినవ్, గప్పుడు జాడీల చెరువైంది, యాదుందా?"

కైలాసం ముఖం చిన్నదయ్యింది. ఆవిడ తడబడకపోగా ప్రతి జవాబులో తనకు ఒకటి తగిలిస్తోంది. గబగబా పేజీలు తిప్పాడు. పుస్తకంలో ఒకచోట నెమలీక పెట్టి ఉంది. భార్యకు రానిది అదే అయ్యుంటుందనుకుని అక్కడే ఆగాడు.

"రక్త వర్గాలు తల్లిదండ్రులకెల్లి పిల్లలకు ఎట్ల వస్తయి? పుస్తకం లెక్క వద్దు. మన ఇంటోళ్ళ మీద పెట్టి చెప్పు."

"సరే. మామయ్యది ఏబీ. పోయినేడు హెర్నియా ఆపరేషన్ అప్పుడు రెండుసార్లు చూసి చెప్పిన్రు. నీది?"

కైలాసం మెడలోని యూనిట్ కార్డు పైకెత్తి చూపాడు. "ఓ పాజిటివ్. అందరికి ఎక్కే రక్తం. కర్ణుని అంశ అన్నట్టు."

పద్మారాణి వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. కళ్ళు దించుకుంది.

"ఇది వద్దు తియ్యి. వేరే ప్రశ్న అడుగు."

"చిక్కినవ్! చెప్పు. చెప్పకుంటే పందెం ఓడినట్టే."

"చెప్తే నువ్వు పరేషాన్ అయితవ్."

"నేనెందుకైత? చెప్పు!"

"తండ్రి దగ్గరికెల్లి ఒకటి, తల్లి దగ్గరికెల్లి ఒకటి వస్తది బిడ్డలకు. మామయ్య కాడ ఏ ఒకటుంది, బీ ఒకటుంది. రెండిట్ల ఏదో ఒకటి కొడుక్కు ఇచ్చి తీరాలె. ఓ అంటే రెండూ లేనోడు. ఏబీ తండ్రికి ఓ కొడుకు పుట్టడు."

కైలాసం నోరు తెరిచాడు. అది తెరిచే ఉండిపోయింది.

"డాడీ నోరు మూతపడ్డట్టేనా, కాదా మమ్మీ?" అని సంజన అడిగింది, న్యాయం తప్పకూడదని.

ఆయన పుస్తకం లాక్కుని చదివాడు. తలకిందులుగా పట్టుకుని కూడా చూశాడు. పుస్తకం మాట మార్చలేదు. నలభై ఏళ్ళుగా తను హన్మయ్య కొడుకు. ఇప్పుడు పదో అధ్యాయం కాదంటోంది.

"నన్ను దవాఖానల మార్చిన్రే, పద్మా!" అని పుస్తకం మూసేశాడు.

"నువ్వు జర నీళ్ళు తాగు. నేనెట్లాగూ వికారాబాద్ పోవాలె. నువ్వూ రా, గాడ్నే ఉన్న అత్తమ్మను అడుగు."

సంజనను పక్కింట్లో వదిలి ఇద్దరూ పదకొండు గంటల బస్సెక్కారు. పద్మారాణి కిటికీ పక్కన కూర్చుని ప్రశాంతంగా చదువుకుంటోంది. కైలాసం మాత్రం బస్సులో ఎక్కిన ప్రతి మగవాడి ముఖం పరీక్షిస్తున్నాడు. దారిలో ఒకాయన ఎక్కి ఎదురు సీట్లో కూర్చున్నాడు. ఆ మనిషి ముక్కు అచ్చం హన్మయ్య ముక్కే. మొదట్లో సన్నగా దిగి, చివర్లో మనసు మార్చుకుని పక్కకు తిరిగినట్టుంటుంది.

"అన్నా, మీ పేరేంది?"

"ఏసుదాసు. కోట్‌పల్లి."

"మీ వయసు?"

"నలభై."

"ఏ దవాఖానల పుట్టిన్రు?"

"ఏమో, నాకు యాదికి లేదు. గప్పుడు నేను చిన్నోన్ని," అన్నాడు ఏసుదాసు.

"మీ ముక్కు మా నాయినది, అన్నా," అన్నాడు కైలాసం కళ్ళనిండా నీళ్ళతో.

ఏసుదాసు సంచి తీసుకుని డ్రైవర్ వెనక సీట్లోకి మారిపోయాడు. ముక్కు మీద చెయ్యి మాత్రం వికారాబాద్ దాకా తీయలేదు.

బస్టాండులో దిగగానే పద్మారాణి పరీక్షకు ఆటో ఎక్కింది. కైలాసం తల్లిదండ్రుల ఇంటికి దాదాపు పరుగెత్తాడు. ముందు గదిలో హన్మయ్య కుట్టుమిషను మీద ఎవరిదో చొక్కా కుడుతున్నాడు. లోపలి గడప దగ్గర ఇందిరమ్మ చేటలో కందిపప్పు చెరుగుతోంది.

"అమ్మా, నిజం చెప్పు. నేను ఎవల కొడుకుని?"

చేట ఆగింది. "పట్టపగలు తాగినవారా?"

"తాగలే. నన్ను దవాఖానల మార్చిన్రు. మీ అసలు కొడుకు కోట్‌పల్లిల ఉన్నడు. పేరు ఏసుదాసు. నా కండ్లతోని చూసొచ్చిన. ముక్కు అచ్చం నాయినదే."

హన్మయ్య మిషను ఆపి తన ముక్కు తడుముకున్నాడు.

"ఏ దవాఖానరా?" అంది ఇందిరమ్మ. "నువ్వు కుల్కచర్లల మా అమ్మగారింట్ల పుట్టినవ్. మంత్రసాని వచ్చేవరకే పుట్టినవ్. ఆ దినం ఆ ఇంట్ల పుట్టింది ఇద్దరు. నువ్వొకనివి, బర్రెకు దూడ ఒకటి. మార్చిన్రంటే దానితోటే మార్చాలె."

"ఆ దూడ చెప్పిన మాట వినేది," అన్నాడు హన్మయ్య సూదిలో దారం ఎక్కిస్తూ.

కైలాసానికి నవ్వు రాలేదు. ఆస్పత్రి లేదు, మార్చడం లేదు. మరి ఏబీ తండ్రికి ఓ కొడుకు ఎలా పుట్టినట్టు? మిగిలిన దారి ఒక్కటే కనబడింది. కనబడిన దాన్ని లోపల దాచుకునే తెలివి ఆయనకు పుట్టుకతోనే లేదు.

"అయితే అమ్మా, మరి నాయిన..."

ఆ మాట పూర్తి కాలేదు. ఇందిరమ్మకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. రెండో క్షణంలో చేట గాల్లో ఉంది. మూడో క్షణంలో కైలాసం నెత్తి మీద, చొక్కా జేబులో, చెవుల్లో కందిపప్పు ఉంది.

"నన్ను అంటవారా! నలభై ఏండ్లు నీ నాయిన పెట్టిన పేచీలన్నీ భరించి, ఇప్పుడు నీతోని ఈ మాట పడాల్నారా!"

"నేను కాదమ్మా, పుస్తకం అంటున్నది!"

"ఏదిరా గా పుస్తకం? తే! పొయ్యిల పెడ్త!"

హన్మయ్య మిషను మీంచి లేచాడు. చొక్కా మడతపెట్టాడు, కళ్ళద్దాలు జేబులో వేసుకున్నాడు, చెప్పులు తొడుక్కున్నాడు. "నడువ్," అన్నాడు.

అప్పుడు కైలాసానికి నిజంగా భయమేసింది. చిన్నప్పుడు సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, కాళ్ళు చక్రంలో పెట్టకురా అని బడిదాకా చెబుతూ తొక్కిన మనిషి ఈయన. ఈయన నాన్న కాకపోతే తనకు ఇంకెవరూ అక్కర్లేదు. ఆ మాట చెప్పాలనుకున్నాడు గాని ఏడుపొచ్చింది. దారి పొడుగునా జేబులోంచి పప్పు రాలుతూనే ఉంది.

సందు చివర రక్తపరీక్షల దుకాణం. అక్కడి అమ్మాయి బిందు కైలాసం వేలు పొడిచి, గాజు పలక మీద మూడు చుక్కలు పెట్టి, ఏవో మందులు కలిపి చూసింది.

"బీ పాజిటివ్, అన్నా."

"ఏంది?"

"బీ."

"మళ్ళా చూడమ్మా. ఇంకో వేలు తీస్కో."

"ఏ వేలు పొడిచినా గదే వస్తదన్నా."

"ఏబీ తండ్రికి బీ కొడుకు పుడ్తడా?"

"మంచిగ పుడ్తడు."

కైలాసం తండ్రిని అక్కడే వాటేసుకున్నాడు. "నాయినా!" అని కేక పెట్టాడు. బయట ఆటోవాళ్ళు ఎవరో పోయారనుకుని తలలు పెట్టి చూశారు.

"వదులురా, చొక్కా నలుగుతది," అన్నాడు హన్మయ్య. వదిలించుకోలేదు మాత్రం.

"ఇంతకుముందు ఓ అని ఎవరు చెప్పిన్రన్నా మీకు?" అని అడిగింది బిందు.

కైలాసం మెడలోని కార్డు చేత్తో పట్టుకుని చూసుకున్నాడు. రెండేళ్ళ కిందటి ఒక మధ్యాహ్నం కళ్ళముందుకొచ్చింది. అందరికీ రక్తపరీక్ష చేయించి గుర్తింపు కార్డులు ఇమ్మని ఓనరు ధనరాజ్ సేట్ చెప్పాడు. నలభై రెండు మందిని పరీక్షకు పంపితే ఒక రోజు పని పోతుంది. ఏ రక్తం అందరికీ ఎక్కుతుందని ఎవరినో ఫోన్లో అడిగితే ఓ అన్నారు. అందరికీ ఎక్కేదే అందరికీ రాస్తే గొడవే ఉండదని కైలాసం ఫారాలన్నిటి మీదా ఓ పాజిటివ్ రాసేశాడు. చివర్లో తన ఫారం మీదా అదే రాశాడు. రెండేళ్ళు మెడలో వేసుకుని తిరిగేసరికి తను రాసిన అబద్ధం తనకే నిజమైపోయింది.

ఐదు గంటలకు పరీక్ష కేంద్రం గేటు దగ్గర పద్మారాణి కోసం నిలబడ్డాడు. ఆవిడ నవ్వుతూ వచ్చింది.

"ఏమొచ్చింది?"

"బీ," అన్నాడు నేల చూస్తూ.

"పోయిన నెల మీ యూనిట్‌ల కిష్టప్ప కాలు మీద బండ పడ్డది గద. కార్డు మీద ఓ ఉంది, దవాఖానల చూస్తే బీ వచ్చింది. వాని పెండ్లాం ఎంకమ్మ నాకు చెప్పింది. సేట్ కాడికి పోయి మీ కార్డులన్నీ తీయించి చూసిన, ఒక్కటి తప్పకుండ అన్నీ ఓ. ఇది ఎవరి పనో తెల్వనీకి నాకు పుస్తకం చూడాల్సిన పని లేకుండె."

"ఓ అయితే అందరికి ఎక్కుతది గద అని..."

"ఓ వాళ్ళు అందరికి ఇయ్యొచ్చు. కార్డు చూసి ఓ కాని రక్తం ఎవరికన్న ఎక్కిస్తే పాణం పోతది. దవాఖానోళ్ళు కార్డు నమ్మకుండ పరీక్ష చేసిన్రు కాబట్టి సరిపోయింది. ఊరికే చెప్తే నువ్వు వింటవా? ఒక రోజు పని పోతదంటవ్."

కైలాసం తల మరింత వంగింది. "అంటే ఆ నెమలీక..."

"నేనే పెట్టిన."

"మా అమ్మ నన్ను చేటతోని కొట్టింది, పద్మా."

"అది నా లెక్కల లేకుండె. నువ్వు అంతదాంక పోతవని అనుకోలే," అంది పద్మారాణి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి బ్యాగులోంచి ఒక కాగితం తీసి చేతిలో పెట్టింది. కింద ధనరాజ్ సేట్ సంతకం ఉంది. యూనిట్‌లో అందరికీ రక్తపరీక్ష, వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు. పరీక్ష అయిన తర్వాత అక్కడే భోజనం.

"భోజనం ఎవరు పెడుతున్నరు?" అన్నాడు కైలాసం. కాగితం తిప్పి వెనక కూడా చూశాడు.

"ఆదివారం వంట ఎవరిదో సంజన నోట్‌బుక్‌ల రాసి ఉన్నది. ఎంతమందికైనా అన్నవ్."

బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. తాండూరు దగ్గర పడుతుండగా కైలాసం జేబులో చెయ్యి పెట్టి, మిగిలిన కందిపప్పు నాలుగు బద్దలు అరచేతిలో పోసుకున్నాడు.

"పద్మా, నలభై రెండు మందికి పప్పు ఎంత పడ్తది?"