మామగారి పరుపు కింద రికార్డు

ఆ ఆదివారం పొద్దున్న కళ్ళజోళ్ళ షాపు యజమాని వేసుకున్న ప్లాను చాలా చిన్నది. స్నానం చేయాలి, టిఫిన్ తినాలి, రికార్డు ఒకసారి వినాలి, సాయంత్రం శ్రోతల సంఘంలో దాని గురించి నాలుగు ముక్కలు మాట్లాడాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. ఆయనా అలాగే అనుకున్నాడు. తన చేతిలో ఏదైనా చెడిపోతుందని ఆయన పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ అనుకోలేదు.

శ్రోతల సంఘమంటే పెద్ద సంస్థేమీ కాదు. పాత రికార్డులంటే చెవి కోసుకునే కొందరు పెద్దమనుషులు ప్రతి ఆదివారం తమ అధ్యక్షుడైన రిటైర్డ్ స్టేషన్ మాస్టారింట్లో చేరతారు. కళ్ళు మూసుకుని రికార్డులు వింటారు, కళ్ళు తెరిచి సీడీలను తిడతారు. సీడీల పని అయిపోయిందని, రికార్డులకు మళ్ళీ మంచిరోజులు వచ్చాయని, ఇప్పటి పిల్లలు కూడా వరసలో నిలబడి రికార్డులే కొంటున్నారని చెప్పుకుని సంతోషిస్తారు. మన కళ్ళజోళ్ళాయన ఈ సంగతులేవీ తెలియక, చేరిన మొదటి రోజున సంచీ నిండా సీడీలు పట్టుకుని వెళ్ళాడు. ఆ క్షణాన ఆయనకు 'వెండి పళ్ళెం' అని పేరు పడింది. గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర, ఒక స్టూలు పడింది.

తరవాత ఆయన సొంతంగా ప్లేయర్ కొన్నాడు. పాటల మధ్యలో లేచి వెళ్ళి రికార్డు తిరగేయాలి కాబట్టి, తాను పాట వింటున్నానన్న సంగతి మనిషికి గుర్తుంటుందని ఆయనకు అర్థమైంది. నిజంగానే దాని మాయలో పడ్డాడు. కానీ స్టూలు మాత్రం కదల్లేదు. అలాంటిది నిన్న సాయంత్రం స్టేషన్ మాస్టారు స్వయంగా షాపుకు వచ్చి ఒక రికార్డు చేతిలో పెట్టారు.

"దీనికి రెండో కాపీ మన సంఘంలో ఎవరి దగ్గరా లేదయ్యా. రేపు నువ్వే తీసుకొచ్చి వినిపించు. బాగా జరిగిందనుకో, ఆ స్టూలు మీంచి సోఫా మీదకి."

సోఫా! కళ్ళజోళ్ళాయనకు రాత్రంతా నిద్ర పట్టలేదు. తనను నమ్మి ఇచ్చారన్న ఆనందంతో రెండుసార్లు లేచి రికార్డు అట్టను తడిమి చూసుకున్నాడు.

పొద్దున్న ప్లేయర్ మీద పెట్టగానే తెలిసింది, రికార్డు ఒక పక్క కాస్త పైకి లేచి ఉందని. ముల్లు గతుకుల రోడ్డు మీద సైకిల్లా లేస్తూ పడుతూ పోతోంది. పాడుతున్న ఆవిడ కూడా అదే సైకిలెక్కినట్టుంది.

"వంకరుంటే ఉన్నదున్నట్టు తీసుకెళ్ళి ఇచ్చేయండి. మీ తెలివితేటలు చూపించకండి," అంది భార్య వంటింట్లోంచి.

"వంకర తియ్యడమే నా వృత్తి. ఊళ్ళో సగం ముక్కుల మీద కళ్ళజోళ్ళు తిన్నగా నిలబడ్డాయంటే ఎవరి వల్ల? ప్లాస్టిక్ ఎక్కడైనా ప్లాస్టికే," అన్నాడాయన మెట్లు దిగుతూ. ఇల్లు పైన, షాపు కింద.

షాపులో ఫ్రేములు వేడి చేసే హీటరుంటుంది. చిన్న పెట్టెలోంచి వేడిగాలి పైకి కొడుతుంది. ఫ్రేమును దాని మీద ఆడిస్తే మెత్తబడుతుంది, కావలసినట్టు వంచి చల్లారనిస్తే అలాగే ఉండిపోతుంది. కళ్ళజోళ్ళాయన రికార్డును రెండు చేతులతో పట్టుకుని ఆ గాలి మీద గుండ్రంగా తిప్పాడు. లేచిన అంచు బుద్ధిగా కిందికి దిగింది. 'చూశావా!' అనుకున్నాడు. ఆ 'చూశావా' పూర్తయ్యేలోపు రెండో అంచు కూడా దిగింది. ఆ తరవాత మొత్తం రికార్డే తడి తువ్వాల్లా ఆయన చేతుల మీంచి వేలాడింది.

ఇంకొకరైతే తలపట్టుకుని కూర్చునేవారు. ఆయన అలాంటివాడు కాదు. షోకేసుకు వేసేందుకు తెచ్చి ఉంచిన మందపాటి అద్దాలు రెండు లాగి, వాటి మధ్య రికార్డును పరిచి, గుండెకు హత్తుకుని పైకి పరిగెత్తాడు. వేడి చల్లారేలోపు దాని మీద బరువు పడాలి. అదీ ఒకచోట కాదు, అంతటా సమానంగా పడాలి. ఫ్రిజ్ ఎత్తలేడు. బీరువాకు కాళ్ళున్నాయి. పుస్తకాలు చాలవు. ఇంట్లో అంత బరువు, అంత సమానంగా పరుచుకుని ఉండేది మామగారొక్కరే.

కంటి ఆపరేషన్ తరవాత కొత్త కళ్ళజోడు కోసం వచ్చిన మామగారు ముందుగదిలో చెక్కబల్ల మంచం మీద, పల్చటి పరుపు మీద పడుకుంటారు. అప్పుడాయన గడ్డం గీసుకుంటున్నారు. అల్లుడు పరుపెత్తి, అద్దాలు దూర్చి, దుప్పటి సరిచేసి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు. మామగారు వచ్చి, పేపరు తీసుకుని, నిండుగా వెల్లకిలా పడుకున్నారు.

"ఏమయ్యా అల్లుడూ, ఇవాళ పరుపు గట్టిగా ఉందేమిటి?"

"నడుముకి మంచిది మావయ్యగారూ."

"అదీ నిజమే. హాయిగానే ఉంది."

సాయంత్రం దాకా ఇలా పడుకుంటే చాలు, గండం గట్టెక్కినట్టే. కానీ మామగారు పేపరు చివరిపేజీ మడిచి, నడకకు వెళ్ళొస్తానంటూ కాలు కింద పెట్టబోయారు.

"లేవకండి!" అని అరిచాడు అల్లుడు.

"ఏం?"

"మీ కళ్ళు చూస్తే తెలుస్తోంది. కదలకుండా పడుకోవాలి మీరు."

"ఏం తెలుస్తోంది?"

"అది ఇప్పుడు చెప్పేది కాదు మావయ్యగారూ."

ఇంతకంటే భయంకరమైన జవాబు ఇంకోటి ఉండదు. మామగారి మొహం పాలిపోయింది. ఎత్తిన కాలు దానంతటదే మంచమెక్కింది. కేక విని భార్య పరిగెత్తుకొచ్చింది.

"ఏవండీ, నాన్నకేమైంది?"

"ఏం కాలేదు. లేవకూడదంతే."

"ఏం కాకపోతే లేవకూడదని ఎందుకంటారు?"

నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ తెలివితేటలు చూపించొద్దని ఆవిడ అని గంటైనా కాలేదు. అందుకని మామగారి దుప్పటి మెడదాకా లాగి కప్పాడు. అది చూసి ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి అక్కకు ఫోన్ చేసింది.

వదినగారు వచ్చేశారు. ఒక చేతిలో బట్టల సంచీ, ఇంకో చేతిలో ఫ్లాస్కు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే ఆవిడకు ఎక్కడలేని ఓపిక వస్తుంది. వచ్చీ రాగానే కిటికీలు మూయించారు, నాన్నగారి టిఫిన్ రద్దు చేసి చక్కెర లేని పాలు తాగించారు, మంచం కాళ్ళ దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. అది చాలక, ఎదురింటి పళ్ళ డాక్టర్ని పిలిపించారు.

"ఆయన పళ్ళ డాక్టరు వదినగారూ," అన్నాడు కళ్ళజోళ్ళాయన. అంతకంటే కష్టమైన సంగతి, ఆయన శ్రోతల సంఘం సభ్యుడు కూడా.

"పళ్ళదైతేనేం, డాక్టరే కదా!"

పళ్ళ డాక్టరు మంచం పక్కన కూర్చుని, అలవాటు కొద్దీ, "నోరు తెరవండి," అన్నాడు. మామగారు తెరిచారు. చాలాసేపు చూసి, "ఇక్కడేం లేదు. అంటే సమస్య ఇంకెక్కడో ఉందన్నమాట," అని గంభీరంగా తేల్చాడు. "పెద్ద డాక్టరు చూసేదాకా మనిషిని కదలనివ్వకండి."

మధ్యాహ్నానికి రికార్డు చల్లారి ఉంటుందని కళ్ళజోళ్ళాయన లెక్క. ఇక మామగారు లేస్తే చాలు. కానీ పొద్దున్న నడకకు వెళ్తానని లేవబోయిన మనిషి ఇప్పుడు ఎంత బతిమాలినా లేవడం లేదు.

"మావయ్యగారూ, అలా వరండాలో నాలుగడుగులు వేద్దాం రండి."

"మరిదిగారూ!" అని వదినగారు లేచి నిలబడ్డారు. "పొద్దున్న లేవద్దన్నది మీరే, ఇప్పుడు లేవమంటున్నదీ మీరే. మా నాన్నని బతకనిస్తారా లేదా?"

భార్య ఆయనవైపు చూసిన చూపులో పాతికేళ్ళ కాపురం ఒక్కసారి ఊగింది. ఆయన వరండాలోకి ఒక్కడే వెళ్ళి నాలుగడుగులు వేశాడు. స్టూలైనా మిగులుతుందో లేదోనని మొదటిసారి బెంగ పుట్టింది.

సాయంత్రమయ్యేసరికి మెట్ల మీద అడుగుల చప్పుడు. స్టేషన్ మాస్టారు ప్లేయర్ని పసిపిల్లలా ఎత్తుకుని ముందు నడుస్తున్నారు. వెనకాల పళ్ళ డాక్టరు, ఆ వెనక సంఘం సంఘమంతా.

"డాక్టరు అంతా చెప్పాడయ్యా. రోగిని వదిలి నువ్వు రాలేవు, నువ్వు లేకుండా ఇవాళ్టి సభ లేదు. అందుకే సభే నీ దగ్గరికొచ్చింది. పాట వింటే పెద్దాయన మనసూ తేలికపడుతుంది. ఏదీ రికార్డు?"

"భద్రంగా ఉంది సార్," అన్నాడు కళ్ళజోళ్ళాయన. ఆ రోజు ఆయన ఆడిన మాటల్లో నిజానికి దగ్గరగా ఉన్నది అదొక్కటే. "ముందు నాలుగు మాటలు చెబుతాను."

చెప్పాడు. ఒక్కో మాట సాగదీసి చెప్పాడు. రికార్డు తిరగడం కంటికి కనిపిస్తుందని, పాట ఎంత మిగిలిందో చూస్తూ వినొచ్చని, అట్ట మీది బొమ్మ చేతి నిండా ఉంటుందని, ముల్లు దించేటప్పుడు వచ్చే చిన్న చిటపట వింటే ఇప్పటికీ తన గుండె ఆగుతుందని చెప్పాడు. కాలయాపనకు మొదలుపెట్టిన ప్రసంగంలో ఆయనకు తెలియకుండానే ప్రాణం వచ్చింది. సభ్యులు తలలూపారు. ఆ ఊపులో స్టేషన్ మాస్టారు అందుకున్నారు.

"అదీ మాట! సీడీలో ఏముంది? మెరుపు తప్ప! అందుకే దాని కథ ముగిసింది."

"ఎవరు చెప్పారండీ ముగిసిందని?" మంచం మీంచి గొంతు వినిపించింది.

"నాన్నా, మాట్లాడకండి," అన్నారు వదినగారు.

"నన్ను మాట్లాడనీ. మాస్టారూ, మీ రికార్డు మీద గీత పడితే ఒకే మాట పట్టుకుని తెల్లారేదాకా అంటుంది. సీడీ అయితే నచ్చని పాటని ఒక్క నొక్కుతో దాటేస్తాను. నా సంసారం మొత్తంలో నాకు దొరకని సౌకర్యమది."

స్టేషన్ మాస్టారు నవ్వారు. "సీడీలు ఇప్పుడు ఎక్కడున్నాయో తెలుసా సార్? జనం బాల్కనీల్లో కడుతున్నారు. పావురాల్ని తరమడానికి."

"పావురాలా!"

మామగారు దుప్పటి విసిరికొట్టి లేచారు. గది దాటి, తన పెట్టె తెరిచి, సీడీ ప్లేయర్ని చంకన పెట్టుకుని వచ్చి స్టేషన్ మాస్టారి ఎదురుగా నిలబడ్డారు. "దీన్ని పావురాలకి కడతారా? ఏదీ, కట్టండి చూస్తాను!"

"నాన్న లేచారు!" అని కూతుళ్ళిద్దరూ ఒకేసారి అరిచారు. అందరూ ఆయన్ను చూస్తున్న సమయంలో అల్లుడు మంచం మీదికి దూకి పరుపెత్తాడు. కానీ మందపాటి అద్దాలు చప్పుడు లేకుండా రావు. అందరి తలలూ ఇటు తిరిగాయి. రోగి పడుకున్న చోటు నుంచి, రెండు అద్దాల మధ్య, సంఘం రికార్డు బయటికొచ్చింది.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. కళ్ళజోళ్ళాయన అంతా చెప్పేశాడు. హీటరు గురించి చెప్పాడు, అది వేలాడిన సంగతి చెప్పాడు, మామగారికి ఏ జబ్బూ లేదని కూడా చెప్పాడు. "నన్ను నమ్మి ఇచ్చారు. నేనే పాడుచేశాను. మాస్టారూ, ఇకమీదట సంఘానికి నేను రానులెండి," అన్నాడు.

స్టేషన్ మాస్టారు అద్దం తొలగించి, రికార్డును కంటి ఎత్తున పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశారు.

"ఇదేమిటి, తిన్నగా ఉందే! వంకరుండాలి కదా!"

పళ్ళ డాక్టరు నెమ్మదిగా అడిగాడు, "వంకరుండాలని మీకెలా తెలుసు మాస్టారూ?"

మాస్టారు చేతిలోని రికార్డును గబగబా అద్దం మీద పెట్టేశారు. దాన్ని కారు వెనక సీట్లో ఎండలో మరిచిపోయానని, సంఘంలో తెలిస్తే అధ్యక్షుడి పరువు పోతుందని భయపడ్డానని గొణిగారు. "ఇతనంటే... మొదట్నుంచీ సీడీల మనిషి కదా. ఇతని చేతిలో పాడైందంటే ఎవరైనా నమ్ముతారని..."

కళ్ళజోళ్ళాయనకు పొద్దుట్నుంచీ పడిన భయమంతా ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. రాత్రంతా నిద్రపోకుండా మురిసిపోయింది దీనికా అని మనసు చివుక్కుమంది. జవాబు చెప్పింది ఆయన భార్య.

"మా ఆయన పాడుచేశాడు, బాగుచేశాడు, నలుగురి ముందు ఒప్పుకున్నాడు. మీరు ఈ మూడింట్లో మొదటిదొక్కటే చేశారు మాస్టారూ."

ఎవరూ ఏమీ చెప్పకుండానే స్టేషన్ మాస్టారు వెళ్ళి గుమ్మం పక్కన కూర్చున్నారు. పళ్ళ డాక్టరు రికార్డును కళ్ళజోళ్ళాయనకే అందించాడు. ఆయన ముల్లు దించాడు. మొదటి పాట మొదట్లో ఆవిడ గొంతు కాస్త ఊగింది. ఆ తరవాత తిన్నగా, నిండుగా సాగిపోయింది. ఒక వైపు అయిపోగానే సంఘమంతా ఆయనవైపే చూసింది. లేచి వెళ్ళి రికార్డు తిరగేశాడు.

"పాట బాగుంది," అన్నారు మామగారు చివరికి. "సీడీలో దొరుకుతుందా?"

మర్నాడు షాపు తెరవకముందే పళ్ళ డాక్టరు ఒక వంకర రికార్డును కోటు కింద దాచుకుని వచ్చాడు. ఆయన వెనకాల ఇంకొకరు, వారి వెనకాల మరొకరు. ఇన్నాళ్ళూ ఎవరి వంకర వారు అటక మీద దాచుకున్నారని అప్పుడు తెలిసింది. కళ్ళజోళ్ళాయన హీటరు దగ్గర వేడి తగ్గించి పెట్టడం నేర్చుకున్నాడు, సోఫాలో మధ్య చోటు సంపాదించాడు. సీడీలు వింటూ పరుపు మీద పడుకునే మామగారికి కూడా సంఘం గౌరవ సభ్యత్వం ఇచ్చింది, బరువు తగ్గకూడదన్న ఒక్క షరతు మీద.