రొయ్యకు నలత చేస్తే

మన సర్కారు కదలదని ఎవరన్నారు? రొయ్యకు కాస్త నలతగా ఉందని చెప్పి చూడండి, జీపు వేసుకుని పరుగెత్తుకొస్తుంది!

నమ్మరా? అయితే పంతొమ్మిదివందల అరవై ఎనిమిది వానాకాలంలో తవిటమ్మకు జరిగింది వినండి. కోటబొమ్మాళికి తూర్పున, సముద్రం ఒడ్డున నలభై గడపల పేట ఆమెది. మొగుడు తెప్ప మీద వేటకెళ్లి వస్తే, ఆమె రొయ్యలు ఏరి గంపలకెత్తేది.

ఒకప్పుడు ఆ రొయ్యలు పేటవాళ్ల కూరకే సరి. ఈమధ్య సముద్రానికి అవతల ఏదో దేశంలో దొరలు వాటి రుచి మరిగారు. ఇంకేం కావాలి? పన్నెండేళ్లుగా నిధుల్లేవన్న రోడ్డు ఒక్క వేసవిలో పడింది. రొయ్యలు కొని ఓడకెక్కించే కంపెనీ ఐసు వ్యాను వచ్చింది. రొయ్యల ఆరోగ్యం చూడ్డానికి తెల్లకోటు ఇన్‌స్పెక్టరు నరసింగరావు వచ్చాడు. జీతం సర్కారుది, భయం కంపెనీది. ఒక్కో రొయ్యనూ వెలుతురుకు పెట్టి, వాసన చూసి, మెత్తగా నొక్కి చూసేవాడు. మనిషి జన్మకు అంత వైభోగం ఎక్కడిది!

ఆ వానలకు పేటలో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. వారంలో ముగ్గురు పోయారు. పేట పెద్ద దాలయ్య పంచాయతీ సమితి ఆఫీసులో మూడు అర్జీలు పెట్టాడు. మొదటిసారి డాక్టరు సెలవు. రెండోసారి జీపులో పెట్రోలు లేదు. మూడోసారి అర్జీయే కనబడలేదు. తప్పు పట్టకండి! విదేశీ మారకం సంపాదించే హడావుడిలో ఉన్న ప్రభుత్వానికి మనుషులతో ఏం పని? మనుషుల్ని ఐసులో పెట్టి ఎగుమతి చెయ్యలేం కదా!

ఓ ఉదయం తవిటమ్మ ఆరేళ్ల కూతురు నీలవేణికీ వాంతులు మొదలయ్యాయి. ఆమె వగర్చుకుంటూ ఐసు షెడ్డుకు వెళ్లింది.

“బాబూ, నా పిల్లకి వాంతులౌతన్నాయి. మందేటైనా ఉంటే ఇయ్యండి.”

“నేను చూసేది రొయ్యల్నమ్మా, మనుషుల్ని కాదు,” అన్నాడు నరసింగరావు, తల ఎత్తకుండానే.

తవిటమ్మ గంపలకేసి చూసింది. “అయితే రొయ్యల సంగతే సెప్తాను ఇనండి. పిల్ల వాంతులెత్తిన సేతుల్తోనే ఈ గంపలు నింపినాను. మా పేటోలందరం అంతే. ఒకపక్క రోగం, ఒకపక్క రొయ్య.”

నరసింగరావు చేతిలోని రొయ్య కింద పడింది. దొరగారి కడుపులో నొప్పి పుడితే ఓడ ఓడంతా వెనక్కి రాదూ! సైకిలెక్కి కోటబొమ్మాళి వెళ్లి ఫోన్లు చేశాడు.

మధ్యాహ్నానికి రెండు జీపులు దిగాయి. డాక్టరు సెలవు తీరిపోయింది. పెట్రోలు దొరికింది. సెలైను సీసాలు, బ్లీచింగు పౌడరు, అన్నీ వచ్చాయి! మంచాన పడ్డవాళ్లకు సెలైను పెట్టారు, నీలవేణికి కూడా. మిగతావాళ్ల సంగతి మటుకు డాక్టరు ఆర్డరు తీసి చదివాడు: “రొయ్యలు ముట్టుకునేవాళ్లకే కలరా సూది.”

ఇన్‌స్పెక్టరు పనికిరావని పక్కన పారేసిన రొయ్యల గంపను తవిటమ్మ వాకిట్లోకి ఈడ్చింది.

“రండర్రా! అందరూ ముట్టండి! ఒసే అసిరీ, సంటోడి సెయ్యి కూడా ఎట్టించు!”

దాలయ్య ముట్టాడు. కళ్లు కనపడని ముసలమ్మలు తడుముకుని ముట్టారు. చంటిపిల్లల గుప్పిళ్లు విప్పి తల్లులు ముట్టించారు. డాక్టరు అంతా చూశాడు. సూదులు మరగపెట్టమని నర్సుకు చెప్పాడు.

సాయంత్రానికి నీలవేణి గంజి తాగి నిలుపుకుంది. తవిటమ్మకు అప్పుడు ఏడుపొచ్చింది.

డాక్టరు ఫారం మీద రాసుకుంటున్నాడు: ‘సరుకు సురక్షితం’.

“మా గురించేటి రాసినారు బాబూ?”

“ఇందులో మీకు గడి లేదమ్మా.”

“ఆ కాయితం ఎవులికెల్తాది?”

“కొనేవాళ్లకి. సముద్రం అవతలికి.”

తవిటమ్మ కళ్లు తుడుచుకుంది. “అయితే దాని ఎనకపక్క మా పేర్లు రాసీయండి బాబూ. ఇకమీదట అర్జీలు ఆలికే ఎట్టుకుంటాం. ఇక్కడోలికి ఊరికే సెరమ దేనికి!”